బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత పండ్లు: రసాలతో పేచీ, జామతో రాజీ

ముందే ఒక మాట. నాకు చేసింది గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపు పైభాగంలో పౌచ్ అనే చిన్న సంచి చేసి నేరుగా చిన్నపేగుకి కలపడం. కడుపులో చాలా భాగం కోసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే స్లీవ్ కాదు. ఈ తేడా చివరిదాకా గుర్తుపెట్టుకుని చదవండి, ఎందుకంటే పండ్ల విషయంలో నేను పడ్డ తిప్పల్లో సగం దానివల్లే. ఆపరేషనై మూడేళ్లు దాటింది. లిక్విడ్ డైట్, ప్యూరీ, మెత్తటి తిండి, ఆ దశలన్నీ మీ డైటీషియన్ చెప్పే ఉంటారు, అవి మళ్లీ రాసి విసిగించను. ఇన్నాళ్లలో నా ఒంటికి ఏ పండు పడింది, ఏది పడలేదు, అంతవరకే. నమిలి తినే పండుతో నాకు ఏ గొడవా లేదు. నమిలే పని లేకుండా గొంతు దిగిపోయే పండంటేనే ఒళ్లు మంట.

ఆపరేషనైన మనిషిని చూడటానికి మనవాళ్లు ఉత్తి చేతులతో రారు కదా, మా ఇంట్లో నెల రోజులపాటు ఫ్రిజ్ నిండా యాపిల్సూ బత్తాయిలే. బత్తాయి రసం తాగితే ఓపిక వస్తుందని చెప్పనివాళ్లు లేరు. జ్యూస్ జోలికి వెళ్లొద్దని డాక్టర్ గట్టిగానే చెప్పారు కాబట్టి అది తాగలేదు. నా ఫిర్యాదల్లా ఆస్పత్రివాళ్లు చేతికిచ్చిన డైట్ చార్ట్ మీద. అందులో బ్లూబెర్రీ ఉంది, అవకాడో ఉంది, కివీ ఉంది. ముంజల మాట లేదు, సీతాఫలం ఊసు లేదు, జామకాయ పేరే లేదు. చివర్లో "సీజనల్ ఫ్రూట్, అర కప్పు" అని ఒక లైను. విజయవాడలో మే నెలలో సీజనల్ ఫ్రూట్ అంటే ఏమిటో ఆ చార్ట్ రాసినవాళ్లకి తెలిసినట్టు లేదు, ఎక్కడిదో తెచ్చి పైన పేరు మార్చి ప్రింట్ కొట్టారనిపించింది. పైగా స్లీవ్ వాళ్లకీ బైపాస్ వాళ్లకీ అదే కాగితం.

ఇక రసాల సంగతి. మా అత్తగారి ఊరు నూజివీడు పక్కన. మామిడి కాపు మొదలైతే ఆ ఇంట్లో అన్నం తర్వాతే, పళ్లు ముందు. మధ్యగదిలో మంచం కింద గడ్డి పరిచి చిన్న రసాలు మగ్గేస్తారు, ఆ గదిలో అడుగు పెడితేనే నోరూరుతుంది. ఆపరేషన్ తర్వాత మొదటి వేసవి అటు వెళ్లలేదు, రెండో వేసవికి వెళ్లాను. అప్పటికి మామిడిపండు నాకు కొత్తేం కాదు, ఇంట్లో భోజనమయ్యాక రెండు మూడు ముక్కలు తింటే ఏమీ కాలేదు, దాంతో ధైర్యంగానే ఉన్నాను. పదకొండింటప్పుడు, పొద్దున్న తిన్న ఇడ్లీ ఎప్పుడో అరిగిపోయి కడుపు ఖాళీగా ఉన్న టైములో, అత్తయ్యగారు "ఒక్కటేలేమ్మా, చిన్నదే" అంటూ ఒక రసం చేతిలో పెట్టారు. రసం ఎలా తింటామో తెలిసిందే కదా, చేతుల్లో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, జీడి పోవడానికి రెండు చుక్కలు కిందకి పిండేసి, నోటికి ఆనించి లాగడమే. రెండు నిమిషాల్లో టెంక మిగిలింది. చార్ట్ ప్రకారం నేను పండే తిన్నాను, జ్యూస్ తాగలేదు. లోపలున్న పౌచ్‌కి ఆ తేడా ఎవరు చెప్తారు!

పావుగంట కాలేదు. గుండె దడదడలాడటం మొదలైంది, చెమటకి జాకెట్టు తడిసిపోయింది, కడుపులో మెలిపెట్టి పిండుతున్నట్టు నొప్పి, బాత్రూముకి పరుగు. తిరిగొచ్చి మంచం మీద పడ్డాను, కళ్లు తెరిస్తే పైన దూలం తిరుగుతోంది. తోటికోడలు టేబుల్ ఫ్యాను తెచ్చి మొహానికి పెట్టింది. అత్తయ్యగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పెట్టి మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేశారు, ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చేశారు. అంత లావున్న కోడలు సగమై ఊళ్లోకి దిగితే పొద్దుటినుంచీ చూడవచ్చినవాళ్లకి లెక్కలేదు, ఆ రకంగా ఆవిడ అన్నదీ నిజమే. ముప్పావుగంటకల్లా నెమ్మదించింది కూడా, దాంతో దిష్టి వాదానికి తిరుగులేకుండా పోయింది.

అసలు భయపెట్టింది ఆ తర్వాత. ఒంటిగంట దాటింది, ఏమీ తినబుద్ధి కాక భోజనానికి కూర్చోలేదు, వంటింట్లో నిలబడి ఏదో మాట్లాడుతున్నాను. చేతులు వణకడం మొదలైంది. దాంతోపాటే ఒక ఆకలి, ఆపరేషన్ తర్వాత నేను మర్చిపోయిన రకం ఆకలి, ఎదురుగా ఏముంటే అది లాక్కుని తినేయాలన్నంత. మా అమ్మాయి ఫోన్ చార్జర్ ఎక్కడని అడిగితే నేను ఇంకేదో చెప్పానట, నాకు గుర్తులేదు. మామయ్యగారికి పదిహేనేళ్లుగా షుగరు, ఇంట్లో మీటర్ ఉంది, నా వాలకం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. వేలు గుచ్చి చూస్తే 54. "దిష్టి కాదే పిచ్చిదానా, లో షుగరు" అని అత్తయ్యగారిని కసిరి, అర గ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి దగ్గరుండి కొంచెం కొంచెంగా తాగించారు. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే 80కి వచ్చింది, అప్పుడు ఉడికించిన గుడ్డు పెట్టారు. ఆయన అవేళ ఇంట్లో లేకపోతే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

సాయంత్రం సర్జన్‌కి ఫోన్ చేస్తే ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. డంపింగ్ అంటే ఇదేనమ్మా, మొదటిది ఎర్లీ, రెండోది లేట్, మీకు ఒకేరోజు రెండూ వచ్చాయన్నారు. మామూలు కడుపుకి కింద పైలోరస్ అనే కండరం ఉంటుంది, తిన్నదాన్ని కొద్దికొద్దిగా పేగులోకి వదలడం దాని పని. బైపాస్‌లో పైన చిన్న పౌచ్ చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకి కలిపేస్తారు, మధ్యలో ఆపేది ఏదీ ఉండదు. తీపి ఒక్కసారిగా పేగులో పడితే ఒంట్లో నీరంతా అటు లాగేస్తుంది, ఆ దడా చెమటలూ విరేచనం అందుకే. ఆ చక్కెర గబుక్కున రక్తంలోకి ఎక్కేసరికి ఇన్సులిన్ కూడా అవసరానికి మించి ఊరుతుంది, ఒక గంట నుంచి మూడు గంటల లోపు షుగర్ దబ్బున పడిపోతుంది. స్లీవ్‌లో పైలోరస్ అలాగే ఉంటుంది కాబట్టి ఈ గోల తక్కువ, బొత్తిగా ఉండదని కాదు. ఇదంతా అరిటిపండు వలిచినట్టు చెప్పారాయన. ఆ చార్ట్‌లో రెండు లైన్లు ఇదే రాసిస్తే ఏం పోయేది అని నా బాధ.

అప్పటినుంచీ రసాలు బంద్. మామిడి మాత్రం మానలేదు, నూజివీడు వైపు కోడలిని, అది నావల్ల కాదు. బంగినపల్లి తెచ్చి, కొంచెం గట్టిగా ఉండగానే కోసి, భోజనంలో చేపముక్కో గుడ్డో పెరుగో అయ్యాక నాలుగు ముక్కలు, ఫోర్కుతో, ఒక్కొక్కటీ నములుతూ. 100 గ్రాముల మామిడిపండులో సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది, నాలుగు ముక్కల్లో ఎంతవుతుందో లెక్కేసుకోండి. అలా తింటే నాకు ఇంతవరకూ ఇబ్బంది రాలేదు. ఖాళీ కడుపున అదే బంగినపల్లి తింటే ఏమవుతుందో తెలుసుకునే సరదా లేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది జామకాయ. గింజలు ఇరుక్కుంటాయని, తొక్క పడదని నలుగురూ భయపెట్టబట్టి మొదటి ఏడాదంతా ముట్టలేదు. డైటీషియన్ సరేనన్నాక ఒక దోరజామ తెచ్చి, పైతొక్క పల్చగా చెక్కి, మధ్యలో గింజల గుజ్జు చెంచాతో తీసేసి, మిగిలిన గట్టి కండ చిన్న ముక్కలు చేసుకుని తిన్నాను. పంటికింద కరకరమనే తిండి తిని ఎన్నాళ్లయిందో! బైపాస్ చేయించుకున్నవాళ్లకే తెలుస్తుంది ఈ బాధ, నెలల తరబడి మెత్తటివీ జావలూ తిని తిని పళ్లున్న సంగతే మర్చిపోతాం. జామలో ఉన్న గొప్పేమిటంటే గబగబా తినలేం. నమలకుండా మింగబోతే గొంతే ఒప్పుకోదు, పావు కాయకి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాల్లో పౌచ్ చాలంటుంది. 100 గ్రాములకి చక్కెర 9 గ్రాములు, పీచు 5 గ్రాముల పైన. విటమిన్ సి సంగతి చెప్పక్కర్లేదు, అందరూ నెత్తినెత్తుకునే బత్తాయి దానికి దరిదాపుల్లోకి రాదు. ఐరన్ ఎక్కువగా ఒంటబట్టే పేగు భాగాన్నే బైపాస్ పక్కకి నెట్టేస్తుంది కాబట్టి మాకు జీవితాంతం ఐరన్ టెన్షన్ ఉంటుంది, విటమిన్ సి తోడుంటే ఆ మాత్ర బాగా పనిచేస్తుంది. నేను ఐరన్ మాత్ర వేసుకునే టైముకే రెండు జామముక్కలు తింటాను, కాల్షియం మాత్ర మాత్రం రెండు గంటలు ఎడంగా. బండివాడు ఉప్పూకారం చల్లి ఇస్తే ఇంకా బాగుంటుందనుకోండి, ఆ కారం నా పౌచ్‌కి రోజూ పడదు.

బొప్పాయి గురించి మొదటి ఏడాది కనిపించిన ప్రతివాళ్లకీ ఊదరగొట్టాను. ఐరన్ మాత్రలతో వచ్చే మలబద్ధకానికి అంత మంచి మందు లేదు, మెత్తగా ఉంటుంది, చక్కెర కూడా మామిడికన్నా తక్కువ. అది ఇప్పటికీ నిజమే. కాకపోతే అప్పట్లో నాకు పట్టేదే గుప్పెడు తిండి, అందులో అర కప్పు బొప్పాయి వెళ్తే గుడ్డుకి చోటుండేది కాదు. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అన్నారు, బొప్పాయిలో అది లేనట్టే లెక్క. అయిదో నెలలో దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తుంటే డైటీషియన్ అడిగిన మొదటి ప్రశ్న, ప్రొటీన్ ముందు తింటున్నారా పండు ముందు తింటున్నారా అని. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు జుట్టు రాలడం చాలామందికి మామూలేనని ఆవిడే చెప్పారు, తప్పంతా బొప్పాయి మీద తోసేయను. వరస మాత్రం మార్చాను, ముందు గుడ్డో పప్పో చికెనో, చోటుంటే పండు.

మిగిలినవి టూకీగా. చక్కెరకేళి సగం చాలు, మొత్తం తింటే నాకు మత్తుగా అనిపిస్తుంది. కమలా తొనకి పైపొర, ఈనెలు ఒలవకుండా తినను, ఆ పీచు సరిగ్గా అరక్క ఉండకట్టి అడ్డంపడే ప్రమాదం ఉందని సర్జన్ ప్రత్యేకంగా చెప్పారు. అలా ఒలుచుకుంటూ కూర్చునే ఓపిక ఆదివారం తప్ప ఉండదు. పనసతొన జోలికి వెళ్లలేదు. ముంజలు చాలా హాయి, వేసవిలో నీళ్లు సరిగ్గా తాగలేని నాలాంటివాళ్లకి వరం, తీపీ తక్కువే, పైనున్న వగరు తొక్క తీసేయాలి, జారిపోతుంది కాబట్టి నోట్లో వేసుకుని ఆలోచించకుండా మింగకూడదు.

జామని అంత పొగిడాను కదా, ఒకటి చెప్పాలి. రెండేళ్లు దాటాక పౌచ్‌లో కొంచెం చోటు పెరుగుతుంది, పావు కాయతో ఆగేది కాయ, కాయన్నర అవుతుంది. పండే కదా అని ఆఫీసు డ్రాయర్‌లో డబ్బా పెట్టుకుని గంటకోసారి రెండు ముక్కలు నోట్లో వేసుకోవడం అలవాటైంది, అదే సీజన్లో మూడు కిలోలు పెరిగాను. పూర్తిగా జామవల్లే అనను, ఆ నెలల్లో నడక కూడా తగ్గింది. ఇప్పుడు డబ్బా లేదు, భోజనం పక్కన పళ్లెంలోనే తింటాను.

మా పిన్ని కూతురికి హైదరాబాద్‌లో స్లీవ్ చేశారు. అది నా కళ్లముందే రసం లాగించేసి హాయిగా కబుర్లు చెప్తుంది, ఏమీ కాదు. బత్తాయి రెండు తొనలు తింటే మాత్రం దానికి రాత్రంతా గుండెల్లో మంట, నాకు ఆ బాధ లేదు. కాబట్టి నేను రాసింది చూసి స్లీవ్ వాళ్లు మామిడి మానేయక్కర్లేదు. బైపాస్ వాళ్లయితే పండు ఏదైనా సరే తిండి తర్వాత, ముక్కలుగా, నములుతూ తినండని చెప్తాను, షుగర్ లేకపోయినా ఇంట్లో ఒక మీటర్ ఉంచుకోమంటాను. మధుమేహం మందులు ఇంకా వాడుతున్నవాళ్లు నా మాట కాకుండా మీ డాక్టర్ని అడగండి, నాకు ఆపరేషనప్పటికి షుగర్ లేదు.

సీతాఫలం సంగతి నాకే ఇంకా తేలలేదు. గింజ గింజకీ ఆగి ఊయాలి కాబట్టి నెమ్మదిగానే దిగుతుంది, ఆ తీపి చూస్తే భయమేస్తుంది. పోయిన దసరాకి భోజనమయ్యాక నాలుగు చెంచాల గుజ్జు తింటే ఏమీ కాలేదు, దీపావళికి అంతే తింటే కాస్త దడ వచ్చింది, అవేళ పొద్దుటినుంచీ సరిగ్గా తినలేదు కూడా. వచ్చే సీజన్లో మీటర్ పక్కన పెట్టుకుని చూడాలి.