టూత్‌బ్రష్ పోగు: గుండ్రటి కొనా, సూది కొనా?

కొత్త బ్రష్‌ను భూతద్దం కింద పెట్టి చూడండి. మామూలు రకంలో పోగు కొన వేలి చివరలా గుండ్రంగా ఉంటుంది. నైలాన్ కుచ్చులు బిగించి, సమంగా కత్తిరించి, గరుకు బిళ్లలతో అరగదీస్తారు. పని త్వరగా అవుతుంది, చవక కూడా. ఆ అరగదీత సరిగా జరగకపోతే మాత్రం కత్తిరించిన పదునైన అంచులు మిగిలి చిగుళ్లను గీరుతాయి. ధర కన్నా ముందు నేను చూసేది అదే.

సూది కొనను అరగదీయరు, కరిగిస్తారు! పాలిస్టర్ పోగుల కట్ట చివరను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచితే, ఆ మేర క్రమంగా సన్నబడుతుంది. నైలాన్ క్షారానికి అంత తేలిగ్గా లొంగదు, అందుకే పాలిస్టర్. తర్వాత శుభ్రంగా కడగాలి, ఖర్చూ ఎక్కువే. ఈ కొన పళ్ల సందుల్లోకి, చిగురు అంచు కిందికి దూరుతుంది. నమిలే పళ్ల పైభాగం రుద్దడానికి మాత్రం నాకు గుండ్రటిదే నచ్చుతుంది.