డివిజన్‌కు సమానంగానా, అవసరాన్ని బట్టా: నగర బడ్జెట్‌లో ఏది మేలు?

విజయవాడ నగరపాలక సంస్థ కొత్త బడ్జెట్ మాట వచ్చినప్పుడల్లా రెండు వాదాలు వినిపిస్తుంటాయి. 64 డివిజన్లకూ (వార్డులకూ) అభివృద్ధి పనుల నిధిని సమానంగా పంచాలన్నది మొదటిది. ముప్పు ఎక్కువగా ఉన్న చోటికే ముందుగా సొమ్ము వెళ్లాలన్నది రెండవది.

ఏది మేలో తేల్చే ముందు, అసలు పంచడానికి మిగిలేది ఎంతో గమనించాలి. జీతాలు, వీధిదీపాల కరెంటు బిల్లు, చెత్త బండ్ల డీజిలు, తాగునీటి పంపింగు ఖర్చు తప్పనిసరివి. పది లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకు 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కేటాయించిన నిధులు కూడా గాలి నాణ్యతకు, తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపడినవే గాని ఇష్టం వచ్చిన పనికి వాడుకునేవి కావు. కాబట్టి ఈ వాదమంతా ఆస్తి పన్ను, నీటి పన్ను, దుకాణాల అద్దెలు వంటి సొంత రాబడిలో మిగిలే కొద్దిపాటి సొమ్ము గురించే.

సమాన పంపకానికి ఒక గుణం ఉంది, దాన్ని తేలికగా తీసివేయకూడదు. ప్రతిపక్ష కార్పొరేటర్ డివిజన్ అయినా, మేయర్ డివిజన్ అయినా అంకె ఒకటే కనుక, తమ వాటా ఏమైందని వీధిలోని ఎవరైనా నిలదీసి అడగవచ్చు. పగిలిన కల్వర్టు, కురుస్తున్న కమ్యూనిటీ హాలు పైకప్పు వంటి చిన్న పనులు ఈ పద్ధతిలోనే త్వరగా పూర్తవుతాయి.

చిక్కంతా నీటితో వస్తుంది. మా వీధిలో సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేయడంతో, గడప ముందు ఒకప్పుడున్న మూడు మెట్లలో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. సైడు కాలువను కూడా చక్కగానే కట్టారు గాని, అది డివిజన్ హద్దు దగ్గర తెగిపోయి, అవతల పూడిక నిండిన మట్టి కాలువలో కలుస్తుంది. గట్టి వాన కురిస్తే ఆ నీరు వెనక్కి తన్ని మా గడప దాకా వస్తుంది. ఎవరి వాటా వారు నిజాయతీగానే ఖర్చు పెట్టి ఉండవచ్చు; పల్లం ఎటు ఉందో మాత్రం ఏ ఎస్టిమేట్‌లోనూ లేదు.

అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టాలన్న వాదానికి 2024 వర్షాల కంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు. ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. కొండ వాలున ఒక రక్షణ గోడకు అయ్యే ఖర్చు ఏ ఒక్క డివిజన్ వాటాకూ అందదు, విడతలుగా కడితే సగం గోడ ఏ రాయినీ ఆపదు. మరోవైపు, అదే ఏడాది సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారినప్పుడు, కృష్ణలంక, రాణిగారితోట ప్రాంతాలను పెద్ద ముప్పు నుంచి కాచింది నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్. అది రాష్ట్ర ప్రభుత్వ సొమ్ముతో కట్టినదే అయినా, నిధులను ఒకే చోట గుమ్మరించి పని పూర్తి చేస్తే కలిగే ఫలితం ఏమిటో అక్కడ కళ్లకు కట్టింది.

అయితే అవసరాన్ని కొలిచేది ఎవరు? కొలబద్ద లేకపోతే, కౌన్సిల్‌లో గొంతు పెద్దదైన వారి అవసరమే పెద్దదవుతుంది. ఈ విషయంలో సమాన వాటా వాదులు పడే భయం న్యాయమైనదే.

ఎవరు కట్టిన పన్ను వారి ప్రాంతానికే ఖర్చు పెట్టాలనే మూడో మాట కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఆస్తి పన్నును అద్దె విలువను బట్టి కాక మూలధన విలువను (ఆస్తి ధరను) బట్టి లెక్కించడం 2021లో మొదలైనందున ఆ మాట వెనుక పన్ను పెరిగిందన్న కొంత ఉక్రోషం ఉండటం సహజం. కానీ అలా చేస్తే కలిగినవారుండే లబ్బీపేట వీధులు అద్దంలా మెరుస్తాయి, వాంబే కాలనీ కాలువలో పూడిక అలాగే ఉంటుంది. దీని మీద అంతకు మించి చెప్పవలసినది లేదు.

నా మొగ్గు అవసరం వైపే, ఒక షరతుతో. వాననీటి కాలువలకు, కొండ ప్రాంతాల రక్షణ గోడలకు, మెట్లదారులకు కావలసిన మొత్తాన్ని ముందుగా పక్కన పెట్టి, నీరు ఏ డివిజన్‌లో మొదలై ఏ కాలువలో కలుస్తుందో చూపే పటాన్ని, 2024లో ఎక్కడెక్కడ ఎంత ఎత్తున నీరు నిలిచిందో ఆ వివరాలను కొలబద్దగా పెట్టాలి. మిగిలినదాన్ని డివిజన్లకు సమానంగా పంచి, ఏ పని చేయాలో వీధివారినే అడగవచ్చు. పుణె నగరపాలక సంస్థ పౌరుల నుంచి పనుల సూచనలు తీసుకునే పద్ధతిని 2006లోనే మొదలుపెట్టింది. కమిషనర్ ముసాయిదా స్థాయీ సంఘాన్ని దాటి కౌన్సిల్‌కు వెళ్లేలోపే ఈ విభజన జరగాలి. పంపకం పూర్తయ్యాక ఏ కార్పొరేటరూ తన వాటాను పొరుగు డివిజన్ కాలువకు వదులుకోడు. మా వీధి మట్టుకు, హద్దుకు ఇటూ అటూ ఉన్న రెండు కాలువలూ ఒకే ఎస్టిమేట్‌లో, ఒకే టెండరులో రావాలి.