మూత తెరిచేసరికి టైమ్ సరిగ్గా ఉండాలి: క్రోనీతో మూడేళ్లు

మా ఇల్లు తిరుచానూరు రోడ్డులో. మేడ మీద నీళ్ల ట్యాంకు నుంచి పెరట్లో కొబ్బరిచెట్టు దాకా 20 మీటర్ల రాగి తీగ కట్టి ఉంటుంది. అది నా హ్యామ్ రేడియో (సరదాకి దూరదూరాల వాళ్లతో మాట్లాడే రేడియో) యాంటెన్నా. కింద గదిలో రేడియో, దాని పక్కన పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్. ఆ ల్యాప్‌టాప్ గడియారాన్ని సరిగ్గా ఉంచే పని మూడేళ్లుగా క్రోనీ అనే సాఫ్ట్‌వేర్ చేస్తోంది. దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, ఎంత మెమరీ తీసుకుంటుంది లాంటివి రాయను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్క సంగతే. నిద్రపోయి లేచిన కంప్యూటర్‌కి అసలు టైమ్ ఎంతయిందో ఇది ఎంత త్వరగా పట్టి ఇస్తుందో చూశాక, నాకు క్రోనీ మీద ప్రేమే పుట్టింది.

సెకన్ల మీద ఇంత పట్టింపు ఎందుకంటే, నేను ఎక్కువగా వాడేది ఎఫ్‌టీ8. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి తెచ్చిన, కంప్యూటర్‌తో చిన్న మెసేజ్‌లు పంపుకునే రేడియో పద్ధతి. పల్సర్ మీద చేసిన పనికి 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న టేలర్ ఈయనే. ఆకాశంలో గడియారాల్లా కొట్టుకునే నక్షత్రాలను చదివిన మనిషి, మాలాంటి వాళ్ల కోసం గడియారం మీదే నడిచే రేడియో పద్ధతి తయారుచేశాడని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇందులో నిమిషం నాలుగు 15 సెకన్ల ముక్కలవుతుంది. ఒక ముక్కలో వాళ్లు పంపుతారు, తర్వాతి ముక్కలో మనం పంపాలి. ఒక్కో మెసేజ్ 12.64 సెకన్లు. చెవికి అసలు తెలియని సిగ్నల్‌ని కూడా సాఫ్ట్‌వేర్ చదివేస్తుంది, కానీ ఇద్దరి గడియారాలూ కలవాలి. ఒక సెకను తేడా ఉన్నా నెట్టుకొస్తుంది. రెండున్నర దాటితే మాత్రం ఒక్క అక్షరం కూడా రాదు.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు, పోగొట్టుకుంటే తెలిసింది.

క్రోనీ పెట్టుకోవడానికి ముందటి ధనుర్మాసం. తెల్లవారకముందే గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తోంది. ఆ వేళలో 7.074 మెగాహెర్ట్జ్ మీద పడమటి దేశాలు బాగా తగులుతాయి, ఎందుకంటే అక్కడ ఇంకా చీకటి, మనకు అప్పుడప్పుడే వెలుగు. 5:50కి తెర మీద సెయింట్ హెలీనా స్టేషన్ పేరు పడింది. దక్షిణ అట్లాంటిక్ మధ్యలో చిన్న దీవి అది. నెపోలియన్‌ని బందీగా ఉంచింది అక్కడే, 1821లో ఆయన పోయిందీ అక్కడే. మా మేడ మీది తీగకి దాదాపు పదివేల కిలోమీటర్లు. అక్కడినుంచి రేడియోలో మాట్లాడేవాళ్లు చాలా అరుదు. ఆయన అప్పటికి వేరే వాళ్లతో మాట్లాడుతున్నారు, నా వంతు కోసం కాచుకుని ఉన్నాను.

అప్పుడే అమ్మ మోటారు వేయమని కేకేసింది. అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్ మూత వేసి పైకి వెళ్లాను. పది నిమిషాలు పట్టింది. కిందికి వచ్చి మూత తెరిచాను.

వచ్చేవాటిని గీతలుగా చూపే వాటర్‌ఫాల్ నిండా సిగ్నళ్లు ఉన్నాయి. నీలం తెర మీద పసుపు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, 15 సెకన్లకోసారి ఆగి మళ్లీ మొదలవుతూ. ఎడమ పక్క, చదివిన మెసేజ్‌లు పడాల్సిన గడి మాత్రం ఖాళీగా ఉంది. ఒక ముక్క పోయింది, రెండు పోయాయి, ఆరు పోయాయి. యాంటెన్నా కేబుల్ విప్పి బిగించాను. సౌండ్ కార్డు సెట్టింగు మార్చి మళ్లీ పెట్టాను. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచాను. వాల్యూమ్ తగ్గించాను, పెంచాను. చేతులకి చెమట పట్టేసింది. సిగ్నల్ కళ్ల ముందు కనిపిస్తోంది, చదవడం కావడం లేదు. 6:35కి సూర్యుడు వచ్చాడు, గీతలు ఒక్కొక్కటే పలచబడి పోయాయి. సెయింట్ హెలీనా కూడా పోయింది.

చిత్తూరులో నాకంటే ముందునుంచి రేడియో వాడుతున్న ఒక పెద్దాయన ఉన్నారు. ఫోన్ చేసి నా గోడంతా చెప్పుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. "గడియారం చూసినావా సామీ?" ఫోన్ పక్కన పెట్టి చూశాను. ఫోన్‌లో 6:52 పడిన తర్వాత, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోగా ల్యాప్‌టాప్‌లో పడింది. "అంతే కదా, నీ యాంటెన్నాకి ఏం కాలేదు పో" అన్నారు.

తర్వాత కారణం వెతికాను. కంప్యూటర్ మెలకువగా ఉన్నంతసేపు టైమ్ లెక్కపెట్టేది ఒకటి, నిద్రలో లెక్కపెట్టేది ఇంకొకటి. నిద్రపోతే ప్రాసెసర్ ఆగిపోతుంది, అప్పుడు బోర్డు మీది చిన్న గడియారం, ఆర్‌టీసీ అంటాం, అదొక్కటే నడుస్తూ ఉంటుంది. దాంట్లో సెకనుకు 32,768 సార్లు ఊగే క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. పది లక్షలకు 20 వంతుల తేడా ఉందంటే, అలాంటి ముక్కకి అదేమీ పెద్ద తప్పు కాదు, కానీ రోజుకు 1.7 సెకన్లు అటో ఇటో పోతుంది. పైగా అది టైమ్ పూర్తి సెకన్లలోనే చెబుతుంది. అర సెకను, పావు సెకను దాని దగ్గర లేవు. మూత వేసి తెరిచిన ప్రతిసారీ కొంత గల్లంతు కావచ్చు. అప్పట్లో నా ల్యాప్‌టాప్‌లో ఉన్న సిస్టమ్ వారానికోసారి మాత్రమే ఇంటర్నెట్‌తో టైమ్ సరిచూసుకునేది. ఆ రోజు మూత వేయకముందే గడియారం రెండు సెకన్లు వెనకపడి ఉందన్నమాట. డీకోడ్ అయిన స్టేషన్లన్నింటి పక్కనా, వాళ్ల గడియారానికీ మనదానికీ ఎన్ని సెకన్ల తేడా ఉందో చూపే డీటీ కాలమ్‌లో మైనస్ రెండు అని పడుతూనే ఉండాలి. నేను పట్టించుకోలేదు. అందరికీ ఒకే తేడా ఉంటే తప్పు వాళ్లది కాదు, మనదే.

ఒక షాపులో బోర్డు మీది బటన్ బ్యాటరీ మార్చమన్నారు, మార్చాను. ఏమీ మారలేదు. కరెంటు పూర్తిగా లేనప్పుడు గడియారాన్ని బతికించేది ఆ బ్యాటరీ. నిద్రలో ఉన్న ల్యాప్‌టాప్‌లో మెయిన్ బ్యాటరీయే ఆ పని చూసుకుంటుంది, కాబట్టి నా సమస్యకు అది మందు కాదు.

లైనక్స్ మింట్ వేసి క్రోనీ పెట్టింది ఆ తర్వాతే. రిచర్డ్ కర్నో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, మిరోస్లావ్ లిక్వార్ ఏళ్ల తరబడి చూసుకుంటున్నారు. ఇది ఎన్‌టీపీ (ఇంటర్నెట్ మీద కంప్యూటర్లు టైమ్ అడిగి తెలుసుకునే పద్ధతి) సర్వర్లను అడిగి టైమ్ తెచ్చుకుంటుంది. మన వైపు వాళ్లకి ఎన్‌టీపీ అర్థం కావడానికి చంద్రగిరి గంటల కథ చాలు. కొండ మీద స్వామికి నైవేద్యమైతే గంట కొట్టేవారని, దారి పొడవునా కట్టిన గంటలు ఒకటి విని ఇంకొకటి మోగుతూ చంద్రగిరి కోట దాకా కబురు వచ్చేదని, అప్పుడు రాజు భోజనానికి కూర్చునేవాడని చెప్పుకుంటారు. ఎన్‌టీపీలో కూడా పైన అణు గడియారాలు, వాటిని చూసి నడిచే సర్వర్లు, వాటిని చూసి ఇంకొన్ని, చివర మనం. గంటల కథలో లేనిది ఒకటుంది. శబ్దం కిలోమీటరు దాటడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది, రాజుకు అది అక్కర్లేదు. ఎన్‌టీపీ మాత్రం కబురు వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి, అందులో సగం కలిపి లెక్క వేస్తుంది. నా జాబితాలో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్‌ని కూడా పెట్టుకున్నాను. భారత కాలమానాన్ని నిలబెట్టేది వాళ్లే.

ఇప్పుడు అసలు విషయం. క్రోనీకి గడియారాన్ని ఒక్కసారిగా జరపడం ఇష్టం ఉండదు. మెల్లగా వేగం పెంచో తగ్గించో దారికి తెస్తుంది. మామూలు కంప్యూటర్లకు అదే మంచి పద్ధతి. డిఫాల్ట్ సెట్టింగు ఫైల్‌లో "మేక్‌స్టెప్ 1 3" అని ఉంటుంది. తేడా ఒక సెకను దాటితే ఒక్క దూకులో సరిచేయి, కానీ మొదలైన తర్వాత తొలి మూడు సార్లు మాత్రమే అని దాని అర్థం. నిద్రలేచిన ల్యాప్‌టాప్‌కి ఆ మూడు సార్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. అందుకని నా తొలి వారాల్లో మూత తెరిచిన తర్వాత డీటీ కాలమ్ మైనస్ 1.4 నుంచి మెల్లగా సున్నా వైపు పాకుతూ కనిపించేది. అది కూడా నాకు నిమిషం, రెండు నిమిషాలు ఆలస్యమే.

ఆ 3 తీసేసి మైనస్ 1 పెట్టాను. ఎన్నిసార్లయినా దూకవచ్చు అని అర్థం. ముందున్న 1ని కూడా 0.5 చేశాను. ఆ రాత్రి మూత వేసి పొద్దున తెరిచాను. వైఫై గుర్తు వెలిగింది. లాగ్‌లో చూస్తే "సిస్టమ్ క్లాక్ వాజ్ స్టెప్డ్ బై 1.2 సెకండ్స్" అన్న వరుస పడి ఉంది. వెంటనే వచ్చిన 15 సెకన్ల ముక్కలో ఇరవైకి పైగా స్టేషన్లు బిలబిలమంటూ పడ్డాయి, డీటీలన్నీ 0.1, 0.2. నేను కుర్చీలోంచి లేచి అమ్మని పిలిచి చూపించాను. అమ్మకి అదేమిటో అర్థం కాలేదు, అయినా నా ముఖం చూసి సంతోషపడింది.

దీనికి తోడు ఒక చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను, నిద్రలేవగానే క్రోనీని వెంటనే సర్వర్లను అడగమని చెప్పడానికి. మొదటిసారి తప్పు రాశాను. కొత్తగా కొలవకుండానే "మేక్‌స్టెప్" అని ఆజ్ఞ ఇచ్చాను, ఏమీ కాలేదు. తనకు తెలిసిన తేడానే అది సరిచేయగలదు. ముందు సర్వర్లను వెంటనే అడగమనే "బర్స్ట్" ఆజ్ఞ ఇచ్చి, కొన్ని సెకన్లు ఆగి, ఆ తర్వాత "మేక్‌స్టెప్" ఇవ్వాలి. ఇప్పుడు మూత తెరిచి నేను కుర్చీ జరుపుకునే లోపల పని అయిపోతుంది.

మొదటి ఏడాది నేను అందరికీ చెప్పుకుంటూ తిరిగాను, ఇక గడియారం గురించి మర్చిపోవచ్చు అని. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు మా రౌటర్ కూడా పోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది. మెలకువగా ఉంటే భయం లేదు. క్రోనీ మా గడియారం ఎంత తప్పుతుందో ముందే నేర్చుకుని రాసిపెట్టుకుంటుంది, నెట్ లేకపోయినా ఆ లెక్కతో గంటల తరబడి బాగానే నెట్టుకొస్తుంది. కానీ ఆ లెక్క మెలకువ గడియారానిది. నిద్రలో నడిచేది వేరే గడియారం కదా, దాని తప్పు ఇందులో ఉండదు. నెట్ లేనప్పుడు మూత వేసి తెరిస్తే పాత కథే. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తాను, సరిపోతుంది.

హాట్‌స్పాట్ కూడా లేని చోటు ఒకటి తగిలింది. తలకోన దారిలో మా పిన్నివాళ్ల మామిడితోట ఉంది, అక్కడ ఫోన్‌కి ఒక్క గీత కూడా రాదు. పండక్కి వెళ్లినప్పుడు రేడియో తీసుకెళ్లాను. యూఎస్‌బీ జీపీఎస్ కొని, జీపీఎస్‌డీ అనే ప్రోగ్రామ్ ద్వారా క్రోనీకి కలిపాను. మామిడిచెట్ల కింద అది ఉపగ్రహాలను పట్టుకోవడానికి చాలాసేపు తీసుకుంది. తీరా పట్టుకున్నాక టైమ్ రెండు సెకన్లు తేడాగా ఇచ్చింది, క్రోనీ దాన్ని నమ్మి నా గడియారాన్ని అటే దూకించింది. జీపీఎస్ కాలం యూటీసీ (ప్రపంచమంతా గడియారాలు దిద్దుకునే కాలం) కంటే 18 సెకన్లు ముందుంటుంది, రిసీవర్ ఆ తేడాని ఉపగ్రహం నుంచి తెలుసుకోవాలి, దానికి పన్నెండున్నర నిమిషాల దాకా పట్టవచ్చు. అప్పటిదాకా తనలో ఉన్న పాత లెక్క వాడుతుంది. పావుగంట ఆగితే అదే సర్దుకుంది. మైనస్ 1 పెట్టుకున్నాం కాబట్టి ఎవరేం చెప్పినా క్రోనీ దూకుతుంది, ఆ ధైర్యం మనం ఇచ్చిందే. ఇప్పుడు తోటకి వెళితే ముందు జీపీఎస్‌ని గట్టు మీద ఎండలో పెట్టి, తర్వాత తీగ కట్టే పని చూసుకుంటాను.

ఇంకొకటి. మనం పంపుతున్న మధ్యలో గడియారం దూకితే ఆ ఒక్క మెసేజ్ పాడవుతుంది. మూడేళ్లలో నాకు రెండుసార్లు జరిగింది. అందుకే మూత తెరిచాక ఒక ముక్క వింటాను, డీటీలు చూస్తాను, ఆ తర్వాతే పంపుతాను.

మీ కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండి నెట్‌కి కలిసి ఉంటే ఇదంతా అక్కర్లేకపోవచ్చు. చిత్తూరు పెద్దాయన కొత్త ల్యాప్‌టాప్‌లో నిద్రలేచాక తేడా పావు సెకను కూడా దాటడం లేదట, ఆయన డిఫాల్ట్ సెట్టింగుతోనే హాయిగా ఉన్నారు. డేటాబేస్ లాంటిది నడిపే మిషన్‌లో మైనస్ 1 పెట్టే ముందు బాగా ఆలోచించుకోవాలి, టైమ్ వెనక్కి దూకితే అక్కడ లెక్కలు తారుమారవుతాయి. నాది పాత ల్యాప్‌టాప్, రోజుకు పదిసార్లు మూత వేసి తెరిచే ఇల్లు, సెకను మీద నడిచే హాబీ. ఈ మూడూ కలిసినవాళ్లకైతే ధైర్యంగా చెబుతాను, ఆ ఒక్క వరుస మార్చుకోండి. క్రోనీ పెట్టేముందు సిస్టమ్‌తో వచ్చిన పాత టైమ్ సర్వీస్ ఇంకా నడుస్తోందేమో చూసుకోండి. రెండూ ఒకే గడియారాన్ని చెరో పక్కకీ లాగకూడదు.

మాట్లాడిన స్టేషన్లు రాసుకునే నా లాగ్‌లో సెయింట్ హెలీనా ఇంకా లేదు. ధనుర్మాసంలో మోటారు వేసే పని రాత్రే ముగించుకుంటున్నాను.