గంటస్తంభం దగ్గర 300 గజాలు: కార్లకా, కొట్లకా, బళ్లకా?

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మాకు 300 గజాల స్థలం ఉంది. 45 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. తాతగారి పెంకుటిల్లు కూలిపోయాక చాలాకాలం తుప్పలు పెరిగి ఉండేది. ఇప్పుడు అందులో కార్లు పెడుతున్నారు. దీన్ని ఇలాగే ఉంచాలా, అంతస్తుల పార్కింగ్ కట్టాలా, కొట్లకీ కూరల అరుగులకీ ఇవ్వాలా అని ఇంట్లో ఏడాదిగా మాటలు నడుస్తున్నాయి. నా మనసు ఎటుందో ముందే చెప్పేస్తాను. ఊరి నడిబొడ్డున ఉన్న నేలని కదలకుండా నిలబడే కార్లకి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

అన్నయ్యకి మాత్రం పార్కింగే మేలు. ఆయన మాటలో బలం లేదని అనను. పెట్టుబడి లేదు. గేటు, గొలుసు, ఒక మనిషి ఉంటే చాలు. ఊరికే వదిలేస్తే ఖాళీ స్థలం పన్ను ఎలాగూ కట్టాలి, పైగా ఎవరు ఆక్రమిస్తారోనని టెన్షన్. కార్లుంటే రోజూ ఎవరో ఒకరు చూస్తూ ఉంటారు. రేటు పెరిగి అమ్ముకుందామనుకుంటే రేపే ఖాళీ అయిపోతుంది. అద్దెకిచ్చిన కొట్టు ఖాళీ చేయించడం ఎంత కష్టమో మా పెదనాన్నగారింట్లో కళ్లారా చూశాం. నిజానికి అన్నయ్యకి కావలసింది పార్కింగ్ ఆదాయం కాదు, స్థలం కాపలా. ధర పెరిగే దాకా కార్లే కాపలా కాస్తాయని ఆయన నమ్మకం. చాలా ఊళ్లలో నడిమధ్య స్థలాలు ఏళ్ల తరబడి అలా ఉండిపోవడానికి కారణం ఇదే. ఒక్కో యజమానికి అది తెలివైన పనే. వీధికి మాత్రం పన్ను ఊడిన నోరులా అక్కడక్కడ ఖాళీలు మిగులుతాయి.

ఇక కొలతలు చూద్దాం. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 లెక్కలో ఆరుబయట ఒక కారు పెట్టడానికి, తిప్పుకునే దారితో కలిపి, 23 చదరపు మీటర్లు కావాలి. అంటే 27 గజాల పైచిలుకు. మా స్థలంలో పది కార్లు, ఇరికిస్తే పదకొండు. ఒక్కో కారులో ఇద్దరొచ్చారనుకున్నా, ఒకసారికి 300 గజాలు ఇరవై మందికి పనికొచ్చాయి.

అదే జాగాలో బళ్లు, అంటే బైకులు పెడితే? మధ్యలో దారి వదిలినా ఒక్కో బైకుకి 30 చదరపు అడుగులు సరిపోతాయి. మొత్తం 2,700 చదరపు అడుగుల్లో 80 బళ్లు సులువుగా పడతాయి. మా ఊరి బజారుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బైకు మీదే వస్తారు. వాళ్లకి చోటు లేక కొట్ల ముందు రోడ్డు మీదే పెట్టి వెళ్తారు, వెనకే ఆటో ఆగిపోతుంది, హారన్లు మొదలు. ఆదాయం కూడా చూశాను. కారుకి గంటకి 20 రూపాయలనుకుంటే, పదీ పది గంటలు నిండుగా ఉంటే రోజుకి 2,000. బైకుకి 10 రూపాయలే తీసుకుని, ఒక్కో చోటు రోజుకి మూడుసార్లు మారితే 2,400. ఇది కాగితం మీద లెక్కే, ఏ రోజూ పూర్తిగా నిండదు. అయినా కార్ల వల్లే డబ్బులన్న వాదన మాత్రం నిలబడలేదు. అన్నయ్య ఆ కాగితం రెండుసార్లు తిరగేసి చూశాడు.

కూరల అరుగుల లెక్క నాకు మరీ ముఖ్యం. ఒక కారు నిలిచే 247 చదరపు అడుగుల్లో సగం నడకకి వదిలేసినా, ఆరడుగులు పొడవు నాలుగడుగులు వెడల్పు అరుగులు ఐదు వస్తాయి. ఐదు సంసారాల బతుకుతెరువు. ఒక కారు యజమాని మూడు గంటలు చీరలు చూసి వచ్చేదాకా ఆ జాగా ఊరికే ఉంటోంది. మా గేటు బయట ఎండలో గొడుగు వేసుకుని ఆనపకాయలు అమ్మే అమ్మ ఒకరోజు నన్నడిగింది: "ఆ కార్లెల్లిపోతే లోపల కూకుంటాం బాబూ, ఎంతో కొంత ఇచ్చుకుంటాం." ఆ మాట నన్ను వదల్లేదు. మా సంతల్లో బుట్ట దించితే ఆశీలు, అంటే సంత రుసుము కట్టాలి. అదే రోడ్డు మీద పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కారు ఆపినవాడిని చాలాచోట్ల ఎవరూ ఏమీ అడగరు. పార్కింగ్ రుసుము ఆ నేల విలువకి తగ్గట్టు ఉండాలని 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ఆ మాట అమలైతే నడిబజారులో కారు ఆపడం అందరికీ ఇంత తేలిక కాదు.

అంతస్తుల పార్కింగ్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. ఎనిమిది అడుగులకి ఒక అడుగు లేచే వాలైతే, పదడుగుల ఎత్తు ఎక్కడానికి 80 అడుగుల ర్యాంపు కావాలి. మా లోతే 60. లిఫ్టులు, మోటార్లతో కార్లని పైకెత్తే ఇనుప పార్కింగ్ తక్కువ జాగాలో పడుతుంది. విశాఖలో జగదాంబ దగ్గర కట్టినలాంటిది. కానీ దానికి కరెంటు, మెకానిక్కు, నిత్యం మరమ్మతు కావాలి. కార్పొరేషన్ పెద్ద స్థలంలో చేయాల్సిన పని అది. మాలాంటి ఇంటివాళ్లకి అప్పు తప్ప మిగిలేదేం లేదు.

కార్లు రాకపోతే బజారు పడిపోతుందని కొట్లవాళ్లు భయపడతారు. గజపతినగరం, నెల్లిమర్ల, చీపురుపల్లి నుంచి పెళ్లి బట్టలకీ బంగారానికీ కార్లలో వచ్చే కుటుంబాలు ఉన్నాయి, నిజమే. కానీ దసరా తర్వాతి మంగళవారం మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) తిరిగే రోజు గుర్తు చేసుకోండి. మూడు లాంతర్ల కూడలి దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారిలోకి బళ్లు రానివ్వరు. జనం ఎక్కడో ఊరి అంచున దిగి, నడిచి, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వస్తారు. రోజూ అలా చేయమని ఎవరూ అడగరు. కార్లకి మాత్రం రింగురోడ్డు వైపో, ఆర్టీసీ కాంప్లెక్సు వైపో చోటు చూపించి, అక్కణ్ణుంచి ఆటోలో రమ్మంటే మన జనం రాగలరు. పెద్దవాళ్లకీ నడవలేనివాళ్లకీ మాత్రం దగ్గర్లోనే చోటుండాలి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆ కష్టం నాకు తెలుసు.

మొత్తం సిమెంటు పోసి కొట్లు కట్టేద్దామన్న బావగారి మాటకి కూడా నేను ఒప్పుకోలేదు. వానాకాలం మా వీధి కాలువ పొంగడం ఏటా చూస్తున్నాం. ఇప్పుడు ఆ మట్టి నేల కాస్త నీళ్లయినా తాగుతోంది. సిమెంటు పోస్తే అవి కూడా కాలువలోకే.

ప్రస్తుతానికి కాగితం మీద గీసుకున్నది ఇది. రోడ్డు వైపు 15 అడుగుల లోతు, 45 అడుగుల పొడవునా రేకుల నీడ కింద కూరలు, పూలు, పళ్ల అరుగులు. వెనక మట్టి మీద రాళ్లు పరిచి బైకులు. ఒక మూల రెండు కార్లకి చోటు, ముసలివాళ్లతో వచ్చేవాళ్లకి మాత్రమే. అన్నయ్య సంక్రాంతి దాకా గడువు అడిగాడు. నెలవారీ డబ్బులిచ్చిన కార్లవాళ్లకి ముందుగా చెప్పాలి కదా అన్నాడు. నిన్న టేపు పట్టుకుని ఇద్దరం కొలిచాం. ముందు వరసలో నడకదారి పోను తొమ్మిది అరుగులొస్తున్నాయి. మొదటిది ఆనపకాయల అమ్మకే.