ఆర్‌ఎస్‌వీ నుంచి పసికందుకు రక్షణ: తల్లికి టీకానా, బిడ్డకు ఇంజెక్షనా?

ఏడో నెల దాటిన గర్భిణులు ఈమధ్య పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు టీకా తామే వేయించుకోవాలా, లేక పుట్టాక బిడ్డకు నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ (వైరస్‌ను అడ్డుకునే ప్రొటీన్) ఇంజెక్షన్ వేయించాలా అన్నది వారి సందేహం. రెండూ నమ్మదగినవే; అయితే చాలామంది బిడ్డలకు రెండూ అక్కర్లేదు, ఒకటి చాలు.

రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఈ వైరస్ సోకుతుంది. పెద్ద పిల్లల్లో జలుబుతో సరిపోయేది, ఆరు నెలల లోపు పసికందుల్లో ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాల వరకు దిగి బ్రాంకియోలైటిస్‌గా (ఆ గొట్టాల వాపుగా) మారవచ్చు. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే, లెక్క ప్రకారం, గాలికి ఎదురయ్యే నిరోధం పదహారు రెట్లవుతుంది. అందుకే మొన్నటిదాకా హాయిగా పాలు తాగిన బిడ్డ రెండు గుటకలకే రొమ్ము వదిలేస్తుంది. ముక్కుపుటాలు ఎగురుతుంటాయి, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో ఒక్కోసారి ఊపిరి కాసేపు ఆగిపోవడమే మొదటి లక్షణం. ఆస్పత్రిలో ఆక్సిజన్, ద్రవాలు ఇచ్చి బిడ్డ కోలుకునేదాకా కాచుకోవడమే ప్రధాన చికిత్స; యాంటీబయాటిక్స్ వైరస్‌పై పనిచేయవు. ఏటా ఐదేళ్ల లోపు పిల్లల్లో లక్ష దాకా మరణాలకు ఈ వైరస్ కారణమవుతోందని, వారిలో దాదాపు సగం మంది ఆరు నెలల లోపువారేనని అంచనా.

కాబట్టి ఈ పోలికలో నేను అన్నిటికన్నా ముందు చూసేది, అత్యంత ప్రమాదకరమైన ఆ తొలి వారాల్లో రక్షణ నిజంగా బిడ్డ ఒంట్లో ఉంటుందా లేదా అన్నదే. తల్లికి వేసే టీకా వల్ల ఆమె శరీరంలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. పుట్టిన క్షణం నుంచే బిడ్డకు కాపుదల ఉంటుంది, సూది పోటూ తప్పుతుంది. పెద్ద పరీక్షలో ఇది తీవ్ర వ్యాధిని తొలి మూడు నెలల్లో దాదాపు 82 శాతం, ఆరు నెలల వరకు లెక్కిస్తే 69 శాతం తగ్గించింది. అయితే టీకాకూ కాన్పుకూ మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భం 28వ వారం నుంచి వేయవచ్చని చెబుతుంటే, అమెరికాలో 32 నుంచి 36 వారాల మధ్యే వేస్తారు. 30వ వారంలోనే పుట్టిన బిడ్డకు ఆ యాంటీబాడీలు చేరే వ్యవధే దొరక్కపోవచ్చు. రక్షణ అందరికన్నా ఎక్కువ అవసరమైన బిడ్డే ఇలా మిగిలిపోవడం నన్ను కలవరపెడుతుంది.

నిర్సెవిమాబ్‌కు ఆ చిక్కు లేదు. అది తయారైన యాంటీబాడీయే కనుక శరీరం స్పందించేదాకా ఆగనక్కర్లేదు. ఐదు కిలోల లోపు బిడ్డకు 50 మిల్లీగ్రాములు, ఆపై బరువుంటే 100 మిల్లీగ్రాములు తొడ కండరంలో ఒక్కసారి వేస్తే కనీసం ఐదు నెలలు కాపాడుతుంది. ఐరోపాలో వేలాది పసిపిల్లలపై జరిగిన పరీక్షలో ఆస్పత్రిలో చేర్చాల్సిన అవసరాన్ని ఇది దాదాపు 83 శాతం తగ్గించింది. వైరస్ కాలానుగుణంగా వ్యాపించే చోట, అది తగ్గుముఖం పట్టాక పుట్టిన బిడ్డకు మరుసటి సీజన్ మొదట్లో వేయించవచ్చు. తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటికి సన్నగిల్లి ఉంటుంది. అందుకే బిడ్డ ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లేలోపే ఈ ఇంజెక్షన్ దొరికే వీలుంటే నా మొగ్గు దీనివైపే.

1998లో వచ్చిన పాలివిజుమాబ్ అనే పాత యాంటీబాడీ ఇంజెక్షన్‌ను నెలనెలా వేయాల్సి వచ్చేది, అదీ అధిక ప్రమాదం ఉన్న బిడ్డలకే. 2025లో అమెరికా అనుమతి పొందిన క్లెస్రోవిమాబ్ కూడా నిర్సెవిమాబ్ కోవలోదే.

దొరకడం విషయానికొస్తే, చాలా దేశాల్లో తల్లి టీకానే ముందుగా అందుబాటులోకి రావచ్చు. అందుచేత ఏడో నెలలోనే కాన్పు జరగబోయే ఆస్పత్రిలో, నిర్సెవిమాబ్‌ను పుట్టిన రోజుల్లోనే వేస్తారా అని అడగండి. సమాధానం అనుమానంగా ఉంటే టీకా వాయిదా వేయకుండా వేయించుకోండి. వేసిన తేదీని రాసి పెట్టుకుని కాన్పు నాడు చూపించండి. ఆ రోజుకు పద్నాలుగు రోజులు నిండకపోతే బిడ్డకు ఇంజెక్షన్ కావాలని మీరే గుర్తుచేయండి.