లోకల్ బ్యాకప్పా, బయటి బ్యాకప్పా: ఆరేళ్లు రెండూ వాడాక

నా సర్వర్‌కి బ్యాకప్ తీయడానికి ఆరేళ్లుగా రెస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. డేటా 1.2 టెరాబైట్లు. ఒక కాపీ పక్కనున్న డిస్కులోకి, ఇంకోటి దూరంగా వేరేచోట ఉన్న స్టోరేజీకి రోజూ రాత్రి వెళ్తాయి.

లోకల్ కాపీతో సుఖం స్పీడే. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు నిమిషాల్లో వెనక్కి తెచ్చేయొచ్చు, మొత్తం డేటా అయినా గిగాబిట్ నెట్‌వర్క్ మీద మూడు గంటల పని.

కానీ మూడో ఏడు పవర్ సప్లై కాలిపోయి, సర్వర్ డిస్కులతో పాటు అదే కేబినెట్‌లో బిగించిన బ్యాకప్ డిస్కు కూడా పోయింది. రెయిడ్ (ఒక డిస్కు పోయినా మిగతావాటితో నడిపించే ఏర్పాటు) ఉందిలే అన్న ధైర్యం ఆ రాత్రితో సరి. ఇక మిగిలింది బయటి కాపీ ఒక్కటే, నా లైనేమో 100 ఎంబీపీఎస్, లెక్క వేస్తే మొత్తం దిగడానికి దాదాపు 27 గంటలు. అందుకని ముందు 8 జీబీ డేటాబేస్ డంప్ (డేటాబేస్‌ని ఫైలుగా తీసిన కాపీ) ఒక్కటే లాగాను, పదకొండు నిమిషాల్లో వచ్చేసింది, అప్లికేషన్ లేచింది, ఫైళ్లు మర్నాటికి నిదానంగా వచ్చాయి. రెపాజిటరీ (రెస్టిక్ బ్యాకప్‌ని తాళం వేసి దాచే చోటు) పాస్‌వర్డ్ మాత్రం చచ్చిపోయిన ఆ సర్వర్లోనే ఉంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నాను కాబట్టి బతికాను, అది లేకపోతే ఆ డేటాని ఎవరూ తెరవలేరు.

బయటి బ్యాకప్‌లో చికాకులు లేవా అంటే ఉన్నాయి. మొదటి అప్‌లోడ్‌కి రోజులు పట్టింది, తర్వాత మారిన ముక్కలే వెళ్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. పాతవి తీసేసే ప్రూన్ నెమ్మది. బ్యాకప్ బాగుందో లేదో చూసే చెక్ కమాండ్ మామూలుగా నడిపితే డేటా మొత్తం చదవదు, అందుకే వారానికి కొంత భాగం దించి చదివిస్తాను.

అన్నిటికంటే భయపెట్టేది ఇంకోటి: సర్వర్‌లోకి ఎవరైనా చొరబడితే అందులో ఉన్న కీతోనే బయటి కాపీ కూడా తుడిచేయగలరు. అవతలి వైపు రెస్ట్-సర్వర్‌ని (రెస్టిక్ బ్యాకప్‌లని అందుకునే ప్రోగ్రాం) అపెండ్-ఓన్లీలో, అంటే కొత్తవి చేర్చనిచ్చి పాతవి తుడవనివ్వని పద్ధతిలో పెట్టండి, ప్రూన్ వేరే మెషీన్ నుంచి చేయండి. ఈ ఒక్క పని దయచేసి వాయిదా వేయొద్దు.

ఒక్కటే పెట్టుకోగలను అనేవాళ్లకి నా సలహా బయటిదే. రెండూ కుదిరితే లోకల్ కాపీని వేరే మెషీన్‌లో, వేరే కరెంటు లైను మీద ఉంచండి. నేనిప్పుడు నెలకోసారి ఖాళీ మెషీన్ మీద బయటి కాపీ నుంచి డేటాబేస్ లేపి, ముఖ్యమైన టేబుళ్లలో వరసలు లెక్కపెట్టి, పట్టిన టైమ్ రాసిపెట్టుకుంటున్నాను. పోయిన నెల 14 నిమిషాలు.