ఫైకస్ బోన్సాయ్ సెట్టు: చెట్టుకు నాలుగు స్టార్లు, సెట్టుకు ఒకటిన్నర

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఇండోర్ ఫైకస్ బోన్సాయ్ సెట్టు ఇది. పెట్టెలో చెట్టు, పింగాణీ కుండీ, మట్టిలో గుచ్చే తేమ మీటరు, స్ప్రే బాటిల్, ఎరువు ప్యాకెట్, ఒక సూచనల కార్డు ఉన్నాయి. అమ్మినవాళ్ల పేరు రాయను, ఎందుకంటే ఇదే సెట్టు ఇదే ఫొటోతో వేరే పేర్లమీద కూడా అమ్ముతున్నారు. కింద రివ్యూలన్నిట్లో ఒకటే గోల, ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి, చెట్టు చచ్చినట్టేనా, డబ్బులు వాపసు ఇస్తారా అని. నా చెట్టూ వచ్చిన కొద్దిరోజులకే రాల్చడం మొదలుపెట్టింది.

చెట్టుని మాత్రం తిట్టబుద్ధి కావడం లేదు. ఫైకస్ మైక్రోకార్పా, జిన్సెంగ్ అని అమ్మే రకం, మట్టిపైకి తేలిన లావు వేళ్లతో చూడముచ్చటగా ఉంది. మర్రీ రావీ కూడా ఫైకస్‌లే కదా, ఆ మొండితనం దీనికీ ఉంది. నర్సరీలో మంచి వెలుతురులో పెరిగిన చెట్టు పెట్టెలో చీకట్లో ప్రయాణం చేసి, ఆపైన ఒక గదిలోకి వస్తే, ఎక్కువ వెలుతురుకి అలవాటుపడిన ఆకుల్ని వదిలేసి ఆ గదికి సరిపోయే కొత్త ఆకులు వేసుకుంటుంది. ఈ మాత్రం రాలడానికి టెన్షన్ అక్కర్లేదు. అనుమానముంటే కొమ్మమీద గోటితో కాస్త గీకి చూడండి, బెరడు కింద పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. ఈలోగా దాన్ని రోజుకో చోటికి మార్చకండి, మార్చిన ప్రతిసారీ మళ్లీ రాలుస్తుంది. కిటికీ దగ్గర ఒక చోటు చూసి అక్కడే వదిలేయాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు, 15 డిగ్రీల కంటే చల్లబడకూడదు.

అసలు తగువంతా కుండీతో. మట్టిమీద గులకరాళ్లు పరిచి జిగురుతో అతికించేశారు, ఫొటోలో బాగుంటుందని కాబోలు. దానివల్ల లోపల మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో వేలుపెట్టి చూసే దారే లేదు. పైన పోసిన నీళ్లు రాళ్లమీదుగా జారి కుండీ అంచు వెంబడి దిగిపోతాయి. చెంచా కాడతో ఆ రాళ్లని పెళ్లగించి చెట్టుని బయటికి తీస్తే, చుట్టూ మట్టి బురదలా ఉంది, నడిమధ్య నర్సరీ నాటి పీట్ (కుళ్లిన నాచుతో తయారయ్యే, నర్సరీల్లో వాడే మట్టి) ముద్ద మాత్రం అట్టలా ఎండిపోయి ఉంది. అంచుల్లో కొన్ని వేళ్లు నల్లబడి, పట్టుకుంటే తొక్క ఊడి లోపలి దారం చేతికొచ్చింది, పైగా మురుగు వాసన. అంటే ఒకే చెట్టు ఒకవైపు కుళ్లుతూ ఇంకోవైపు దాహంతో ఉందన్నమాట. ఆకులమీదా రెండూ కనిపించాయి: కొన్ని మెత్తగా పసుపెక్కి ముట్టుకుంటే రాలేవి, కొన్ని అంచులు ముడుచుకుని పెళుసుగా ఎండినవి. కుళ్లిన వేళ్లు కత్తిరించి, నీళ్లు నిలవని గరుకు మట్టిలో, అడుగున పెద్ద రంధ్రమున్న కుండీలోకి మార్చాకే చిగుళ్లు వేసింది.

కార్డులో "రోజూ అరకప్పు నీళ్లు" అని ఉంది. ఆ కార్డు చించి పారేయండి. నీళ్లకి రోజుల లెక్క ఉండదు, పైమట్టి కాస్త ఆరాక అడుగునుంచి కారేదాకా పోయాలి, పళ్లెంలో నిలిచినవి పారబోయాలి, అంతే.

మీటరు ఉత్త అలంకారం. ఇలాంటి చవక మీటర్లు చూసేది మట్టిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నది, కాబట్టి ఎరువు ఉప్పు ఎక్కువున్నా ముల్లు తడి అనే చూపిస్తుంది, గరుకు మట్టిలో గుచ్చితే అసలు సరిగ్గా ఆనదు. ఒక వెదురు పుల్ల లోపలికి గుచ్చి కాసేపాగి తీసి చూస్తే ఇంతకంటే నిజం చెప్తుంది. స్ప్రే బాటిల్ ఆకులమీద దుమ్ము కడగడానికి పర్వాలేదు, గదిలో తేమ పెంచుతుందని రాసింది మాత్రం నమ్మకండి, కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది.

ఎరువు నాణ్యతకి వంక లేదు, సమయంతోనే పేచీ. ఆకులు పసుపెక్కాయనగానే ప్యాకెట్ విప్పాలనిపిస్తుంది, దెబ్బతిన్న వేళ్లకి ఆ ఉప్పు ఇంకా నష్టం. చిగుళ్లు వచ్చాక సగం మోతాదుతో మొదలుపెట్టడం మేలు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే మాత్రం ఇనుము లోపం కావచ్చు. ఆకులు జిగటగా తగిలితే అడుగువైపు, కాడల దగ్గర గోధుమరంగు పొలుసు పురుగులున్నాయేమో చూడండి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతాయి. ఇవేవీ కార్డులో లేవు.

మళ్లీ కొనాల్సి వస్తే సెట్టు జోలికి పోను, చెట్టు ఒక్కటే విడిగా తీసుకుని మిగతా డబ్బు మంచి మట్టికి పెడతాను. పిల్లులూ కుక్కలూ ఉన్నవాళ్లకి ఒక మాట: కొమ్మ కత్తిరిస్తే కారే పాలు చర్మానికి మంట పుట్టించొచ్చు, జంతువులు నమిలితే ఇబ్బందే. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, కుండీ వాటికి అందని ఎత్తులో పెట్టండి.